సాయిలును పాస్ చేయించిన సుశీలమ్మ

కిషన్‌బాగ్‌లో మా గల్లీ చివర ఉన్న బర్రెల కొట్టం సుశీలమ్మది. అందరూ మాత్రం సాయిలు కొట్టం అంటారు. ముప్పై ఏళ్ళు నేనూ అలాగే అన్నాను. ఈ కథ చెబుతుంటే నాకు కోపం రాని మనిషి దాదాపు లేడు. ఆ వరసలో మొదట నిలబడాల్సింది నేనే గనుక ముందే ఒప్పుకుంటున్నాను.

నా పేరు రామ్‌చందర్. సర్కారు బడిలో లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యాను. మా ఇంటికి పాలు సాయిలే పోసేవాడు. ఎత్తయిన మనిషి, భుజం మీద ఎర్ర రుమాలు, చేతిలో క్యాన్. లీటరు కొలిచి పోశాక ఇంకొంచెం కొసరు పోయడం అతని అలవాటు. కొసరు పోస్తూ ఇంట్లోవాళ్ళతో ఒక మాటయినా మాట్లాడందే కదిలేవాడు కాదు. ఇంట్లో ఎవరూ కనబడకపోతే గుమ్మంలో పిల్లితో మాట్లాడేవాడు. అటు కొట్టంలో పాలు పితికేది, దాణా కలిపేది, పేడ ఎత్తేది, ఈనే బర్రె పక్కన కూర్చునేది సుశీలమ్మ. ఆమె గల్లీలోకి వచ్చేదే తక్కువ. వచ్చినా ఎవరం పెద్దగా పట్టించుకున్నది లేదు.

వాళ్ళ పనిలో ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పశువుల అంగడిలో అసలు బేరం నోటితో సాగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద ఒక రుమాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. వేళ్ళ లెక్కే ధర. చుట్టూ మూగినవాళ్ళకు ఏమీ తెలియదు. ఈ బేరంలో సాయిలు మొనగాడని పేరు. కానీ పొదుగు తడిమి, పాలనరం చూసి, పళ్ళు చూసి, ఆ బర్రె ఎంత చేస్తుందో తేల్చేది సుశీలమ్మ. ఆడమనిషి నలుగురిలో బేరమాడితే బాగుండదని, ఆమె భర్త వెనకగా నిలబడి, అదే రుమాలు అంచు కింద అతని ఎడమచెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కేది. ఆమె నొక్కిన అంకెనే అతను కుడిచేత్తో అవతలివాడికి అందించేవాడు. నలభై ఏళ్ళు ఇలాగే నడిచింది. తెలివి ఆమెది, పేరు అతనిది.

జబ్బు కొసరుతో మొదలైంది. ఒకరోజు పొద్దున సాయిలు లీటరు పోశాడు, కొసరు పోశాడు, వానల గురించి ఏదో అన్నాడు, మళ్ళీ కొసరు పోశాడు. మర్నాడు మూడుసార్లు పోశాడు. మా ఆవిడ నవ్వి గిన్నె ముందుకు జరిపింది. నేనూ నవ్వాను. గల్లీలో ఉన్న ఇళ్ళన్నీ అలాగే నవ్వుతూ గిన్నెలు ముందుకు జరిపాయి. ఒక్కరం కూడా కొట్టం దాకా నడిచి, "అమ్మా, మీ ఆయనకు ఏదో అయితున్నది, చూపించుకోండ్రి" అని చెప్పలేదు. ఊరికే వచ్చే పాలు కదా! చదువుకున్నవాళ్ళం, పేపరు చదివేవాళ్ళం, రోజూ మతిమరుపు మీద జోకులు వేసుకునేవాళ్ళం. ఏడాది పాటు ఆ కొసరు తాగి ఊరుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఒకనాడు సాయిలు ఖాళీ క్యానుతో లాడ్ బజార్ దాకా వెళ్ళిపోయాడు. ఒక గాజుల దుకాణం ముందు నిలబడి, "ఇయ్యాల ఎన్ని లీటర్లు భాయ్?" అని అడుగుతూనే ఉన్నాడట. ఆ దుకాణం పెద్దాయన కసరలేదు, తరిమేయలేదు. కూర్చోబెట్టి చాయ్ తాగించి, జేబులో ఉన్న అడ్రసు చీటీ చూసి, ఆటోలో తానే వెంటబెట్టుకుని తెచ్చాడు. "బాజీ, ఇన్‌కో అకేలే మత్ ఛోడో," ఒంటరిగా వదలొద్దని సుశీలమ్మకు చెప్పి వెళ్ళాడు. ముక్కూమొహం తెలియని ఆ మనిషికి తోచింది ముప్పై ఏళ్ళు పాలు పోయించుకున్న మాకు తోచలేదు.

ఆమె గేటుకు తాళం వేసింది. అంతే, గల్లీలో నోళ్ళు లేచాయి. "మొగణ్ణి కట్టేసుకున్నదట." "ఆస్తి రాయించుకుంటుందేమో." ఆస్తి ఏముంది, నాలుగు బర్రెలూ ఒక రేకుల కొట్టమూ. అంతకుముందు పది ఉండేవి. అతణ్ణి కనిపెట్టుకుని ఉండాలంటే పది బర్రెలు ఆమె వల్ల కాలేదు. పెద్ద దవాఖానాకు తీసుకెళ్తే పొద్దంతా లైనులో నిలబెట్టి, ఒక డాక్టరు రెండు నిమిషాలు చూసి, "వయసమ్మా, వయసు" అని బలం గోలీలు రాశాడు. సాయిలుకు అప్పటికి అరవై ఎనిమిది. ఆ డాక్టరు తండ్రి అరవై ఎనిమిదిలో ఇంటి దారి మరిచిపోతే ఆయన వయసని ఊరుకుంటాడా? ఊరుకోడు. ఏ ఊళ్ళో ఉన్నా పెద్ద డాక్టరును పట్టుకుంటాడు.

కొడుకు మహేష్ క్యాబ్ నడుపుతాడు. పొద్దున తొమ్మిది దాకా ఇంట్లో ఉంటాడు, ఆ తర్వాత రాత్రికే రావడం. చెడ్డవాడేమీ కాదు. ఒకరోజు నా ముందే తల్లితో అన్నాడు.

"అమ్మా, ఉన్న నాలుగు కూడ అమ్మేద్దాం. నువ్వు బాపును సూస్కుంట కూసో. నేను తెస్త గదా."

"అమ్మినంక నేనేం జేయాలె రా?" అంది సుశీలమ్మ, గడ్డి కోస్తున్న కత్తి ఆపకుండా. "మీ బాపుకు నేనెవరో యాదికి లేదు. బర్రెలకన్న యాదికున్న. అవి గూడ పోతే నన్ను గుర్తుపట్టేటోళ్ళు ఎవరున్నరు?"

మహేష్ బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. తొమ్మిది నుంచి సాయంత్రం దాకా సాయిలును ఎవరైనా చూసుకుంటే కొట్టం నిలుస్తుంది, లేకపోతే లేదు. ఆమెకు కావలసింది అంతే.

ఆ జూలైలో మా బస్తీ దవాఖానా గోడ మీద ఒక కాగితం అంటించారు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తున్న సంస్థవాళ్ళు కమ్యూనిటీ హాలుకు వస్తారట, యాభై ఐదు దాటినవాళ్ళను పరీక్షిస్తారట. అల్జీమర్స్ అని తేలినవాళ్ళకు పగలు ఉంచుకునే కేంద్రంలో చోటు, ఇంటికి బండి, మందులు, ఇంటివాళ్ళకు నెలనెలా సమావేశం. నేను కాగితం చదివి ఎగిరి గంతేసినంత పనిచేశాను. తిన్నగా కొట్టానికి వెళ్ళి చెప్పాను.

"సుశీలమ్మా, పరీక్ష పెడ్తరట. దాంట్ల సెలెక్ట్ అయితే పొద్దున బండి వచ్చి సాయిలన్నను తీస్కపోయి సాయంత్రం దింపుతరు."

ఇంత చెప్పి వచ్చేశాను. సెలెక్ట్ కావడమంటే ఏమిటో చెప్పలేదు. ముప్పై మూడేళ్ళు పిల్లలకు ఒకే లెక్క నాలుగుసార్లు చెప్పినవాణ్ణి, ఆమెకు ఒక్కసారి సరిగ్గా చెప్పలేకపోయాను. ఆమె జీవితంలో ఎంపిక అంటే అంగడే. కడిగి, నూనె రాసి, కొమ్ములు మెరిపించి, బాగున్న బర్రెను నిలబెడితేనే ఎవరైనా తీసుకుంటారు. కుంటుతున్నదాన్ని చూపించి కొనమని ఎవరూ అడగరు.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. "సార్, రేపు ఎన్నో తారీఖు? గిది ఎన్నో నెల?" అని అడిగి, రెండుసార్లు పలికి వెళ్ళింది. ఏదో నోముకనుకున్నాను.

మర్నాడు సాయిలు పెళ్ళికొడుకులా వచ్చాడు. గడ్డం గీసి, తల నున్నగా దువ్వి, తెల్ల ధోవతి కట్టి, భుజం మీద ఉతికిన ఎర్ర రుమాలు. బల్ల వెనక శ్రవణ్‌కుమార్ అనే కుర్రాడు ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాడు. పరీక్షలు పెట్టేది అతనే. సుశీలమ్మ భర్త పక్కనే కూర్చుని, రుమాలు తీసి ఇద్దరి ఒళ్ళోనూ పరిచింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ముసలితనంలో ఎంత ఆపేక్ష అనుకున్నాను. అంగడి ముచ్చట నాకప్పటికి తెలియదు.

"తాతా, ఈరోజు తారీఖు ఎంత?"

సాయిలు కాసేపు నవ్వుతూ చూశాడు. "పందొమ్మిది."

"నెల?"

"ఏడో నెల."

"ఇరవైలోంచి మూడు తీసేస్తే?"

"పదిహేడు."

"అందులోంచి ఇంకో మూడు?"

"పధ్నాలుగు."

నేను ఆశ్చర్యపోయాను. సంబరం కూడా పడ్డాను. మూడు మాటలు చెప్పి కాసేపటికి మళ్ళీ అడిగితే ఒక్కటీ చెప్పలేకపోయాడు. వారం చెప్పలేకపోయాడు. అయినా చదువు లేనివాళ్ళకు పాస్ మార్కు తక్కువట, అంకెలతోనే గట్టెక్కాడు. అంత సేపటిలో శ్రవణ్‌కుమార్ ట్యాబ్ మీంచి తల ఎత్తలేదు. ఎదుట కూర్చున్నది ఒక మనిషా ఇద్దరా అని కూడా చూసినట్టు లేదు. ఆఖరున ఇంటివాళ్ళను అడగాల్సిన ప్రశ్నలు ఇరవై దాకా ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి ఒక్క మాట అడిగాడు.

"ఇంట్ల ఇబ్బందేమన్నా ఉందా అమ్మా?"

భర్త పక్కనే ఉన్నాడు. వెనక లైనులో గల్లీ సగం నిలబడి ఉంది. సుశీలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏం లేదు సార్. మంచిగనే ఉంటడు." శ్రవణ్‌కుమార్ టకటకా ఇరవై గళ్ళూ తనే నింపేసి, తర్వాతివాళ్ళను పిలిచాడు.

వారం తర్వాత కాగితం వచ్చింది. ఆమె దాన్ని కొంగులో దాచుకుని, ఇంకో చేతిలో జున్ను గిన్నెతో మా ఇంటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"సార్, మా మహేష్ వాళ్ళ బాపు పాస్ అయిండు! కాగితం తెచ్చినాయన నార్మల్ అన్నడు. బండి ఎప్పుడొస్తదో జర సదివి చెప్పుండ్రి."

చదివాను. జ్ఞాపకశక్తి సాధారణం, కేంద్రంలో చేర్చుకునే అర్హత లేదు, మళ్ళీ పరీక్ష ఏడాది తర్వాత. జున్ను గిన్నె చూస్తూ కూర్చున్నాను. చివరికి చెప్పాను. ఆమె ముందు నవ్వింది, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. తర్వాత నవ్వు పోయింది.

"మంచిగుంటే తీస్కోరా? పాడైనోళ్ళనే తీస్కుంటరా? గిదేం సెలెక్షన్ సార్? మీరన్న చెప్పొద్దా?"

అప్పుడు రుమాలు సంగతంతా చెప్పింది. తారీఖు, నెల, లెక్కలు అన్నీ తానే నొక్కానంది. పెళ్ళాం ముఖం మరిచిపోయిన మనిషి, ఆమె వేళ్ళ భాష మాత్రం మరిచిపోలేదు. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి, ఆ వెంటనే పట్టరాని కోపం వచ్చింది. మర్నాడే ఆ సంస్థ ఆఫీసుకు వెళ్ళాను. "డేటా లాక్ అయిపోయింది సార్" అన్నారు. రెండోసారి వెళ్ళాను. అదే మాట. ఇంటి దారి మరిచిన మనిషికంటే వాళ్ళకు తాళం పడిన అంకెలే ముఖ్యమయ్యాయి. ఆగస్టులో సుశీలమ్మ ఒక బర్రెను అమ్మేసింది. మూడు మిగిలాయి.

సెప్టెంబరులో ఈ జబ్బు పేరు మీద ఒక దినం జరుపుతారు. అదే సంస్థవాళ్ళు ఒక ఫంక్షన్ హాలులో సభ పెట్టి, బస్తీవాళ్ళందరినీ పిలిచారు. నేను సుశీలమ్మనూ సాయిలునూ ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను. వేదిక మీద పూలు, శాలువాలు, నీళ్ళ సీసాలు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, రోగులను చూసుకునే స్త్రీలు సాక్షాత్తు దేవతలని గంటసేపు పొగిడాడు. పొగడ్తకు ఖర్చు లేదు. దేవతకు బండి పంపాలంటేనే అర్హత కావాలి.

సుశీలమ్మ లేచి నిలబడింది. ఎవరో మైకు అందించబోయారు.

"మైకు నాకెందుకు? నేను బర్రెలను పిలిచే మనిషిని," అంది. నిజంగానే హాలు చివరిదాకా వినబడింది. "దేవత గీవత అనకుండ్రి. మీ పరీక్ష మా ఆయన రాయలే. నేను రాసిన."

హాలు గొల్లుమని నవ్వింది. పరిశోధనకు పెద్ద అయిన డాక్టర్ గీతాంజలి మాత్రం నవ్వలేదు. వేదిక దిగి వచ్చింది. సుశీలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ సాయిలు ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని, అతని ముఖంలోకి చూస్తూ అడిగింది.

"తాతా, ఇరవైలోంచి మూడు తీసేస్తే ఎంత?"

"పాలా? పొద్దుగాలనే పోసిన గదమ్మా."

సుశీలమ్మ పక్కన కూర్చుని రుమాలు కప్పింది. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"పదిహేడు," అన్నాడు సాయిలు.

ఇప్పుడెవరూ నవ్వలేదు. వేదిక పక్కన నిలబడ్డ శ్రవణ్‌కుమార్ అప్పటికి తల ఎత్తాడు. డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. ఇది చాలా అరుదైన సంగతి అని, వీడియో తీస్తామని, పరిశోధనకు ఎంతో పనికొస్తుందని, ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేస్తే చాలని అంది. అప్పుడే ఎవరో కెమెరా కూడా తెచ్చారు. మనిషి బాధ ఎంతకీ కనిపించని చోట, వింత ఎంత తొందరగా కనిపించిందో!

సుశీలమ్మ కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టింది. "మీ సదువు తర్వాత. ముందు బండి."

"తప్పకుండా అమ్మా. పరీక్ష మళ్ళీ రాయిస్తాను. వారానికి మూడు రోజులు పంపుతాం, అది మా నిబంధన."

రుమాలు కింద సుశీలమ్మ చెయ్యి కదిలింది. సాయిలు నిటారుగా కూర్చున్నాడు. అతని గొంతు మారిపోయింది, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఐదు."

"తాతా, మూడే..."

"ఐదు. లేకుంటే తోల్కపోతం."

హాలు మళ్ళీ నవ్వింది గానీ ఈసారి నవ్వు మా వైపు ఉంది. డాక్టరమ్మ సుశీలమ్మ ముఖం చూసింది, సాయిలు ముఖం చూసింది, కాసేపు లెక్క వేసుకుంది. "నాలుగు," అంది.

రుమాలు కింద చెయ్యి మళ్ళీ కదిలింది.

"తెగింది," అన్నాడు సాయిలు, బేరం ముగిసినట్టు రుమాలు దులిపి భుజాన వేసుకుంటూ.

"ఇంకొక్కటున్నది," అంది సుశీలమ్మ. ఈసారి గొంతు తగ్గించింది. "మీ పోరగాడు ఆయన ముందట, గల్లీ ముందట అడిగిండు ఇబ్బందున్నదా అని. ఏమని చెప్పాలె? బట్టలల్ల అయితదని చెప్పాల్నా? నన్ను చూసి భయపడి కట్టె ఎత్తుతడని చెప్పాల్నా? ఇంటోళ్ళను పక్కకు పిలిచి అడుగుండ్రి. గప్పుడు చెప్తం."

ఆమె కూర్చోకముందే వెనక వరసల్లో ముగ్గురు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళ ఇళ్ళకూ సాధారణం అని కాగితాలు వచ్చాయట. వాళ్ళనూ నలుగురి ముందే అడిగారట. డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. మా బస్తీలో నింపిన ఫారాలన్నీ మళ్ళీ మొదటి నుంచి నింపాలని అక్కడికక్కడే శ్రవణ్‌కుమార్‌కు చెప్పింది. ఎవరో పెద్దమనిషి సుశీలమ్మకు శాలువా కప్పబోయాడు. ఆమె దాన్ని మడిచి చంకలో పెట్టుకుంది. చలికాలం దూడకు కప్పడానికి పనికొస్తుందని తర్వాత నాతో అంది.

పరీక్ష మళ్ళీ జరిగింది, రుమాలు లేకుండా. ఈసారి సాయిలు తప్పాడు. మనిషి తప్పితే సంతోషించాల్సి రావడం ఏం బతుకో నాకు అర్థం కాలేదు.

తర్వాతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి తెల్లబండి మా గల్లీలోకి వచ్చింది. సుశీలమ్మ మూడున్నరకే లేచి, పాలు పితికి, కొట్టం కడిగి, సాయిలుకు స్నానం చేయించి, తినిపించి, గేటు దగ్గర చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. నేనూ మా ఆవిడా, ఇంకో నలుగురు గల్లీవాళ్ళూ పండగ చూసినట్టు చూస్తున్నాం. బండిలో కిటికీ పక్క కూర్చోబెట్టి, రుమాలు సర్ది, ఆమె దిగి పక్కన నిలబడింది. సాయిలు ఆమెనే కొంతసేపు చూశాడు. తర్వాత కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"సార్, ఆమె ఎవరో గానీ తెల్లారక ముందటిసంది నిలబడే ఉన్నది. జర కూసోమని చెప్పుండ్రి. చాయ్ గిట్ల పోయుండ్రి, పాపం."

బండి వెళ్ళిపోయింది. సుశీలమ్మ గేటు పట్టుకుని అలాగే ఉంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మా వైపు తిరిగింది, మా అందరి వైపు.

"ఇన్నరా?" అంది. "ముప్పై ఏండ్లసంది మా పాలు తాగుతున్నరు. గా మాట మీలో ఒక్కరన్న అన్నరా?"

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గడ్డి మోపు అందుకుని కొట్టంలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ చాయ్ పెట్టడానికి ఇంట్లోకి నడిచింది.